తుఫాను కార్తీకంలో, బ్యారన్ మాఘంలో

ప్రశ్న: నమస్కారమండీ. మాది కందుకూరు దగ్గర పల్లెటూరు. హైస్కూల్లో సోషల్ చెప్తాను. నాలుగేళ్లు కూర్చుని ఒక నవల రాశాను. 31 అధ్యాయాలు, ప్రింటు తీస్తే 430 పేజీలు. పొగాకు పండించే ఒక కుటుంబం కథ. చాలావరకు మా అమ్మ, అమ్మమ్మల జీవితమే. రాయడం అయిపోయి రెండేళ్లయింది. అప్పట్నుంచీ దిద్దుతూనే ఉన్నాను. మొదటి అధ్యాయమే 14 సార్లు దిద్దాను, అయినా తృప్తి లేదు. మావారు "బాగుంది" అంటారు, అంతకుమించి చెప్పరు. మా స్కూలు తెలుగు మాస్టారు ఎర్రపెన్నుతో తప్పులు గుర్తుపెట్టి ఇచ్చారు. "గొప్పవాళ్లు తిరగరాయరమ్మా, తిక్కనగారు మన నెల్లూరులో కూర్చుని ఆగకుండా చెప్పుకుపోయారు" అని కూడా అన్నారు. హైదరాబాదులో ఉండే మా తమ్ముడు యాస తీసెయ్యమంటున్నాడు. ఒక పబ్లిషరు 250 పేజీలకు తగ్గిస్తే చూస్తానన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలో, ఏది తీసెయ్యాలో, ఎప్పుడు ఆపాలో తెలియక ఒకటే టెన్షన్. మొదటి అధ్యాయం, తుఫాను అధ్యాయం, మొత్తం అధ్యాయాల పట్టిక పంపుతున్నాను.
– ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా,

మీరు పంపిన కాగితాలు రెండుసార్లు చదివాను. మొదటిసారి ఉత్త చేతులతో, రెండోసారి పెన్సిల్‌తో. మీ ప్రశ్నలకు వచ్చేముందు, నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వని సంగతి ఒకటుంది. అది చెప్పేస్తాను.

మీ 22వ అధ్యాయంలో తుఫాను రాత్రి మీ రైతు మాలకొండయ్య బ్యారన్, అంటే పొగాకు కాల్చే కొట్టం, తగలబడుతుంది. బయట గాలివాన, లోపల మంట. అతని భార్య కోటమ్మ ఆ రెంటి మధ్యా నిలబడి గుండెలు బాదుకుంటుంది. ఏడాది కూడా వేశారు, 1989 అని. అంటే కావలి దగ్గర తీరం దాటిన తుఫానే. అది నవంబరు 8 రాత్రి. ఇప్పుడు చెప్పండి, నవంబరులో ఎవరి బ్యారన్‌లో ఆకు ఉంటుంది? మన వైపు నారుమళ్లు పోసేది ఆగస్టు, సెప్టెంబరుల్లో. నాట్లు అక్టోబరు, నవంబరుల్లో. మొదటి రెలుపు ఆకు, అంటే చేలో మొదటి విడత తీసిన ఆకు, బ్యారన్ ఎక్కేసరికి సంక్రాంతి వచ్చేస్తుంది. ఆ రాత్రి మాలకొండయ్య చేలో ఉండాల్సినవి జానెడు మొక్కలు. బ్యారన్‌లో ఉండాల్సినవి ఆకు కట్టే ఖాళీ కర్రలు, ఎలకలు.

పొగాకు ఇంట్లో పుట్టిన మీకు ఇది తెలియదని కాదు. చిన్నప్పుడు మీరు తుఫాను చూసుంటారు, ఎవరిదో బ్యారన్ తగలబడటమూ చూసుంటారు. పెద్దయ్యేసరికి రెండూ పక్కపక్కకు జరిగి ఒకే రాత్రి అయిపోయి ఉంటాయి. నేను ఆశ్చర్యపోయింది అందుకు కాదు. 14 సార్లు దిద్దిన మీ కంటికీ, ఎర్రపెన్ను పట్టుకున్న మాస్టారి కంటికీ ఇది ఆనలేదే అని. అదే అధ్యాయంలో "దీపావళి రేపనగా" అని రాశారు. ఆ ఏడు దీపావళి అక్టోబరు 29న. తుఫాను వచ్చేసరికి పండగ వెళ్లి పదిరోజులైంది. మాస్టారు "దీపావళి" పక్కన ఏమీ గీయలేదు. కింద "విళయతాండవం"లో ళ కొట్టేసి ల చేశారు. పాపం ఆయన పని ఆయన శ్రద్ధగానే చేశారు.

ఇక్కడే మీకు చెప్పాల్సిందంతా ఉంది. రెండేళ్లుగా మీరు చేస్తున్నది దిద్దడం. పిల్లల కాపీరైటింగు పుస్తకం దిద్దినట్టు, ఉన్న అక్షరం మీదే మళ్లీ మళ్లీ చెయ్యి తిప్పడం. తిరగరాయడం అది కాదు. ఇది ఎందుకు జరిగింది, ఎప్పుడు జరిగింది, దీనివల్ల తర్వాత ఏమైంది అని ఆ ఇంట్లో మనిషిలా నిలబడి అడగడం. వాక్యం దగ్గరికి రావడం దాని తర్వాత.

అడిగితే ఏమొస్తుందో మీ నవల్లోనే చూపిస్తాను. తుఫానును కార్తీకంలో ఉంచండి. మంటను మాఘానికి జరపండి. మధ్యలో మూడు నెలలు ఖాళీ దొరికింది కదా. ఆ మూడు నెలల్లో మాలకొండయ్య ఇంట్లో ఏం జరుగుతుంది? నాటిన మొక్క కొట్టుకుపోయింది, మళ్లీ నాటాలి. నారు తన మడిలోనే కాదు, ఊళ్లో ఎవరి మడిలోనూ లేదు. ఎక్కడో దొరికినచోట చెప్పిన ధరకు కొనాలి. దానికి అప్పు. ఎవరి దగ్గర? మీ పట్టికలో 6వ అధ్యాయంలో మాలకొండయ్యతో గట్టు తగాదా పడిన పెదబావ ఉన్నాడు. ఆ తర్వాత నవలంతా మళ్లీ కనపడడు. డబ్బున్న మనిషిని ఊరికే ఎందుకు వదిలేశారు? అప్పు ఆయన దగ్గరే చెయ్యాల్సి వస్తే?

ఆలస్యంగా నాటిన చేను ఆలస్యంగానే రెలుపుకొస్తుంది. చేతిలో డబ్బు లేదు. బ్యారన్ దగ్గర రాత్రిళ్లు పొయ్యి చూసే మనిషికి కూలి ఇవ్వలేక మాలకొండయ్య ఆ పని కొడుక్కి అప్పజెబుతాడు. రవికి అప్పటికి పద్నాలుగేళ్లని మీరే రాశారు. ఒక్కో కాల్పు ఐదారు రోజులు. మొదట సన్నని వేడి మీద ఆకు పసుపు తిరగాలి. తర్వాత మెల్లగా పెంచుతూ పోవాలి. చివర్న ఈనె ఎండటానికి 160 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా తీసుకెళ్తారు. అప్పటికి ఆకంతా గలగలలాడుతూ ఉంటుంది. కర్ర నుంచి ఒక్క ఆకు జారి పొయ్యి వేడికి ఎర్రగా కాలిన గొట్టం మీద పడితే చాలు. పొయ్యి ముందు పిల్లవాడికి నాలుగు రాత్రుల నిద్ర బాకీ ఉంది. ఐదో రాత్రి కునుకు పట్టింది.

తుఫాను ఎవరి తప్పూ కాదు. కునుకు మాత్రం రవిదే. వాణ్ణి అక్కడ కూర్చోబెట్టింది తండ్రి. కూర్చోబెట్టడానికి కారణం అప్పు. అప్పుకు కారణం తుఫాను. మీ పట్టికలో 25వ అధ్యాయం పక్కన "రవి ఇల్లు వదిలి వెళ్లిపోతాడు" అని ఉంది, ఎందుకో లేదు. పొగాకు పంట నెలలు సరిచేస్తే ఆ "ఎందుకు" దానంతట అదే వచ్చి కూర్చుంది. నేను కల్పించింది తక్కువ. అంతా మీ పేజీల్లో ఉన్నదే, వరసే తప్పింది.

ఒకే రాత్రి గాలివానా మంటా రెండూ పెట్టడంలో ఇంకో లోపం ఉంది. పాఠకుడు దేనికి బాధపడాలో తెలియక దేనికీ పూర్తిగా బాధపడడు. రెండు కష్టాలు కలిపితే దుఃఖం రెట్టింపవుతుందని మనకు అనిపిస్తుంది. పెళ్లి భోజనంలో రెండు స్వీట్లు ఒకేసారి నోట్లో పెట్టుకున్నట్టు ఉంటుంది, అంతే.

మిమ్మల్ని అంటున్నాను గానీ నా మొదటి నవల్లో ఇంతకన్నా పెద్ద తప్పే చేశాను. కథానాయకుడు 1968లో కనిగిరి నుంచి ఉత్తరం రాస్తూ పైన "ప్రకాశం జిల్లా" అని వేస్తాడు. పుస్తకం అచ్చయి వచ్చిన నెలకు పొదిలి వైపు నుంచి ఒక పెద్దాయన కార్డు రాశారు. "అయ్యా, తమ హీరో ఇంకా పుట్టని జిల్లాలో కాపురం ఉన్నాడు" అని. నిజమే. జిల్లా ఏర్పడిందే 1970 ఫిబ్రవరిలో, అదీ ఒంగోలు జిల్లా పేరుతో. ప్రకాశం పంతులుగారి పేరు పెట్టింది 1972లో. అంతకుముందు కనిగిరి, పొదిలి, దర్శి, మీ కందుకూరు, అన్నీ నెల్లూరు జిల్లావే. (మీ కందుకూరును 2022లో మళ్లీ నెల్లూరులో కలిపారు. మీ నవల ఇప్పటిదాకా నడిస్తే ఆ బోర్డులు మారడం కూడా ఎక్కడో ఒకచోట కనపడాలి.) ఆ కార్డు ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది.

మీరు సోషల్ టీచరు కాబట్టి మీకు కష్టం కాదు. మీ పట్టికలో ఇంకా రెండుచోట్ల నాకు అనుమానం. 14వ అధ్యాయంలో, 1979లో, మాలకొండయ్య బేళ్లు బండికెత్తి వేలం కేంద్రానికి తీసుకెళ్తాడు. పొగాకు బోర్డు 1976లోనే వచ్చినా మన రాష్ట్రంలో వేలం మొదలైంది 1985లో. 1979లో అయితే కంపెనీ మనిషి దగ్గరో వ్యాపారి దగ్గరో చేతులు కట్టుకుని నిలబడాలి. వాడు ఆకు నలిపి చూసి ఒక ధర అంటాడు, డబ్బు ఎప్పుడిస్తాడో వాడి దయ. నిజానికి మీ కథకు ఇదే మేలు. వేలం హాల్లో మాలకొండయ్య నలుగురిలో ఒకడు. వ్యాపారి గుమ్మంలో ఒంటరివాడు. రెండోది, కోటమ్మ మాలకొండ స్వామి దర్శనానికి గురువారం వెళ్తుంది. గుడి తలుపులు తీసేది శనివారం ఒక్కరోజేనని మీకు నేను చెప్పాలా? అది చెయ్యి జారి పడిన మాట అయ్యుంటుంది. కానీ మన ప్రాంతం పాఠకుడు అక్కడ పుస్తకం మూసి "ఈవిడ మన ఊరావిడేనా" అని వెనక అట్ట చూస్తాడు.

ఒక పని చెయ్యండి. మొదటి అధ్యాయం ప్రింటు బీరువాలో పెట్టి తాళం మీవారికిచ్చేయండి. ఆఖరి అధ్యాయం సరిపడేదాకా ఇవ్వొద్దని చెప్పండి. మీ నవల ఇప్పుడు మీ ముత్తాత కొండపి నుంచి రావడంతో, తూర్పున భానుడు ఉదయించడంతో మొదలవుతోంది. ఆ భానుణ్ణి 14 సార్లు ఉదయింపజేశారు. ఆయన ఎలా ఉదయించాలో మీకు తెలియకపోవడానికి కారణం ఆయన ఎందుకు ఉదయిస్తున్నాడో ఇంకా తేలకపోవడమే. మంట ఎవరివల్ల అంటుకుందో తేలాక మొదటి పేజీలో ఏముండాలో మీకే తెలుస్తుంది. నన్నడిగితే పొయ్యి ముందు కూర్చున్న పిల్లవాడే ఉండొచ్చు. కాకపోవచ్చు కూడా.

తర్వాత మార్కుల రిజిస్టరు లాంటిదొకటి గీయండి. 31 అధ్యాయాలకు 31 వరసలు. ఒక గడిలో నెల, ఆ నెలలో చేలో జరిగే పని. పక్క గడిలో ఆ అధ్యాయంలో ఎవరికి ఏం కావాలి. చివరి గడిలో అధ్యాయం ముగిసేసరికి ఏం మారింది. చివరి గడి నింపలేకపోతే ఆ అధ్యాయం ఎంత బాగా రాసినా అనుమానించాల్సిందే. ఫైలు తెరవకుండా, గుర్తున్నదాన్ని బట్టే నింపండి. రాసిన మనిషికే గుర్తులేని అధ్యాయం చదివినవాళ్లకు ఏం గుర్తుంటుంది?

పట్టిక చూసి నేను ఊహించింది చెప్తాను. 9, 10, 11 అధ్యాయాలు మాలకొండయ్య ముగ్గురు చెల్లెళ్ల పెళ్లిళ్లు. ముగ్గురెందుకు? మీకు నిజంగా ముగ్గురు మేనత్తలు ఉన్నారు కాబట్టి. అంతే కదా? ఒకావిడ కట్నం కింద అరెకరం పట్టుకెళ్లింది, ఒకావిడ పుట్టింటికి తిరిగొచ్చింది, ఒకావిడ కోటమ్మకు దొంగచాటుగా డబ్బు సర్దింది. ఈ మూడూ ఒకే ఆడపిల్ల చేస్తే? పొలం పట్టుకెళ్లిన పిల్లే చేతులూపుకుంటూ తిరిగొచ్చి, వదిన మాటలు పడుతూ, ఆ వదినకే రహస్యంగా డబ్బిచ్చిందనుకోండి. మూడు అధ్యాయాల్లో మూడు బొమ్మలుగా ఉన్నవాళ్లు ఒక మనిషవుతారు. మీకు పబ్లిషరు తగ్గించమన్న పేజీల్లో పాతిక ముప్పై ఇక్కడే పోతాయి.

మిగిలిన ఇద్దరు అత్తలూ "మమ్మల్ని రాయలేదేం" అని నొచ్చుకుంటారని మీ భయం కావచ్చు. రాసిన అత్త ఇంకా ఎక్కువ నొచ్చుకుంటుంది లెండి. ఇది ప్రతి కుటుంబ నవలకూ ఉన్న తలనొప్పి. పేరు, ఊరు, పిల్లల లెక్క మార్చండి, ముగ్గుర్నీ ఒకరిలో కలిపాక ఆ ఒకరు ఎవరో ఎవరూ గట్టిగా చెప్పలేరు. పెళ్లిళ్లలో పక్కన కూర్చుని భోంచేయడానికి ఆ మాత్రం చాలు.

ఇప్పుడు వాక్యాల దగ్గరికి వద్దాం. తుఫాను అధ్యాయం మొదట్లో ఇలా ఉంది: "ఆ కాళరాత్రి ప్రకృతి విలయతాండవం చేస్తోంది. కోటమ్మ హృదయం మౌనంగా రోదిస్తోంది. ఆమె కళ్ల ముందు గతమంతా సినిమా రీలులా కదలాడింది." ఇందులో మీరు చూసింది ఒక్కటీ లేదు. అన్నీ ఎక్కడో చదివినవి. రెండు పేజీల తర్వాత ఇది ఉంది: "కోళ్లగంప ఎగిరిపోతుందని కోటమ్మ పైన రుబ్బురాయి పొత్రం పెట్టింది. తెల్లారి చూస్తే గంప అక్కడే ఉంది. నీళ్లు దానిమీదుగా పోయినాయి. కోళ్లు గంపలోనే ఉన్నాయి."

నేను ఇక్కడ పుస్తకం పక్కన పెట్టి లేచి కాస్త తిరిగొచ్చాను. గాలికి భయపడి పెట్టిన రాయి నీళ్లలో కోళ్లను బయటికి రానివ్వలేదు. ఇది ఎక్కడా దొరికే మాట కాదు, మీ అమ్మగారో అమ్మమ్మగారో చెప్పి ఉండాలి. కానీ మీరు దాన్ని నమ్మలేదు. వెంటనే "తను కాపాడుకోవాలనుకున్నవాటినే తన చేతులతో చంపుకున్నానని కోటమ్మకు అర్థమైంది. జీవితంలోనూ ఎన్నోసార్లు ఇలాగే జరుగుతుంది కదా" అని వివరణ తగిలించారు. క్లాసులో వెనక బెంచీ పిల్లలకు అర్థం కాలేదేమోనని మళ్లీ చెప్పే అలవాటు మనది. నేనూ ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినవాణ్ణే, ఆ రోగం నాకూ ఉంది. ఆ రెండు వాక్యాలూ కొట్టేయండి. "కోళ్లు గంపలోనే ఉన్నాయి" దగ్గర పేరా ఆపేయండి. కోటమ్మ ఆ గంప ఎత్తుతుందా లేదా అన్నది వేరే పేరా.

ఇలాంటి చోట్లు 430 పేజీల్లో ఇంకెన్ని ఉన్నాయో నాకు తెలియదు. మీ చేత్తోనే మీరు వెతకాలి. కొండగుర్తు ఏమిటంటే, మీరు మంచి వాక్యం రాసిన వెంటనే ఒక చెడ్డ వాక్యం వస్తోంది. దాన్ని వివరించడానికే వస్తోంది. ప్రకృతి, విధి, హృదయం, జీవితం అనే మాటలు కనపడినచోటల్లా ఒక్కక్షణం ఆగి, ఆ రోజు ఇంట్లో ఏ వస్తువు ఎక్కడ ఉందో గుర్తుచేసుకోండి. ఆ ఏడాది నవంబరు నెలాఖర్లో ఎన్నికలు. గోడల మీద గుర్తులు, పేర్లు రాసి ఉంటాయి. వానకు గోడ పడితే ఎవరి పేరు సగం మిగిలింది? "విలయతాండవం" కంటే ఆ సగం పేరు ఎక్కువ పని చేస్తుంది.

వాక్యాలు సరిచేసేటప్పుడు పైకి చదవండి. తెలుగు వాక్యం కంటికంటే చెవికి ముందు దొరికిపోతుంది. మీకు "వెళ్లి, చూసి, తీసుకుని, వచ్చి, కూర్చుని" అని ఐదారు పనులు ఒకే తాడుకు గుచ్చే అలవాటుంది. పైకి చదివితే ఊపిరి ఆడదు, అక్కడ తెంపండి. ఇంకోటి, కోటమ్మ అత్తగారు ఒక పేజీలో "ఆవిడ", ఇంకో పేజీలో "ఆమె", కోపం వచ్చిన పేజీలో "ముసల్ది". మూడోది కోటమ్మ మనసులో మాటైతే ఉంచండి, బాగుంటుంది. మొదటి రెండింటిలో ఒకటి ఖాయం చేసుకోండి. మనకు సర్వనామంలోనే మర్యాద ఉంది కాబట్టి అది మారితే సంబంధం మారిందని పాఠకుడు అనుకుంటాడు. "చేయబడింది", "యొక్క" మాస్టారు కొట్టేశారు, సంతోషం.

యాస సంగతి. మీ తమ్ముడు అమ్మగారితో ఫోన్లో మాట్లాడేటప్పుడు పక్కనుంచి వినండి. "ఏంది మందల" అని మొదలుపెట్టే మనిషి నవల్లో మాత్రం "ఏమిటి విశేషాలు" అనమంటున్నాడు. తీసెయ్యొద్దు. కానీ మీ అసలు లోపం యాస ఉండటం కాదు, అది నిలకడగా లేకపోవడం. కోటమ్మ ఒకచోట "ఎట్టా బతకాల్రా నాయనా" అంటుంది, ఆ అధ్యాయంలోనే "ఎలా బతకాలిరా" అంటుంది. బహుశా మధ్యలో మీ తమ్ముడి ఫోను వచ్చి ఉంటుంది. మాటలన్నీ వాళ్ల నోటి తీరులో, కథ చెప్పే గొంతు మీరు ఈ ఉత్తరం రాసిన తీరులో ఉంచండి. మీ ఉత్తరం భాష నవల భాషకంటే చాలా బాగుంది, ఆ మాట చెప్పకుండా ఉండలేను.

పొగాకు మాటలకు కింద అర్థాలు ఇవ్వొద్దు. ఎవరో చెప్పినట్టున్నారు, రెండుచోట్ల "రెలుపు" తీసేసి "కోత" అని పెట్టారు. పొగాకును కొయ్యరు కదమ్మా. అడుగాకు నుంచి పైకి, పండిన ఆకు పండినట్టు, విడతలు విడతలుగా తీస్తారు. "కోత" అంటే ఒక్క రోజులో చేను ఖాళీ అయిపోయిందని హైదరాబాదు పాఠకుడు అనుకుంటాడు. వంగి అడుగాకు విరిచి చంకన పెట్టుకునే కోటమ్మను ఒక్కసారి చూపిస్తే "రెలుపు" అంటే ఏమిటో ఎవరికైనా తెలుస్తుంది. చేతికి అంటిన జిగట గురించి మీరు ఎక్కడా రాయలేదు. అదేం?

కంప్యూటర్ గురించి ఒకటి రెండు మాటలు. ప్రతిసారీ కొత్త ఫైలుగా, తేదీ పెట్టి సేవ్ చేయండి, పాతది చెరపొద్దు. పేర్లు మార్చేటప్పుడు ఒకేసారి అన్నీ మార్చే బటన్ నొక్కొద్దు. నేను ఒక నవల్లో "రాము"ని "కోటయ్య" చేయాలని అది నొక్కాను. ప్రూఫు చూస్తుంటే పెళ్లికూతురికి "పది గ్కోటయ్యల బంగారం" పెట్టారని వచ్చింది. గ్రాములో కూడా రాము ఉంటాడని ఎవరికి తోస్తుంది? ఇంకోటి, మీరు యూనికోడ్‌లో టైపు చేసినా, పుస్తకం పేజీలు కట్టేవాళ్లు చాలామంది ఇంకా "అను" అనే పాత పద్ధతి తెలుగు ఫాంట్లలోకి మార్చుకుంటారు. ఆ మార్పిడిలో ఒత్తులు, పొల్లులు జారిపోతుంటాయి. కాబట్టి చివరి ప్రూఫు మీ ఫైల్లో కాదు, వాళ్లు కట్టిన పేజీల మీద చూడాలి. మీ మాస్టారిని అప్పుడు పిలవండి. ఆ ఎర్రపెన్నుకు అసలు సమయం అదే.

మాస్టారు చెప్పిన తిక్కనగారి మాటకొస్తే, అది మనందరం చిన్నప్పుడు విన్న కథే. ఆగకుండా చెప్తానని పంతం పట్టిన ఆయనకు ఒక పద్యం చివర మాట తోచక "ఏమి సెప్పుదుం గురునాథా" అన్నారట. ఎదురుగా రాసుకుంటున్న గురునాథుడు ఆ మాటనే రాసేశాడట. చూస్తే అది "కురునాథా" అయి పద్యంలో చక్కగా అతికిందట. నిజమో కాదో గానీ, ఆ కథలో కూడా మాట ఆగింది, చూశారా. ఆగినప్పుడు ఎదురుగా ఒక మనిషి ఉన్నాడు. మీకు అలాంటి మనిషి కావాలి. మీవారు "బాగుంది" అన్నారంటే ఆయన మంచివారు, అంతే. ఆయన్ను అభిప్రాయం అడగడం మానేసి, చదువుతుంటే ఎక్కడ ఫోన్ చేతిలోకి తీసుకున్నారో ఆ పేజీ మూల మడవమనండి. ఒక్క మాట కూడా చెప్పనక్కర్లేదు. మడతలన్నీ 9, 10, 11 అధ్యాయాల్లో ఉంటాయని నా పందెం.

250 పేజీల లెక్క ఇప్పుడు మనసులో పెట్టుకోవద్దు. అత్తలు కలిసి, ముత్తాత తగ్గి, వివరణలు పోయాక 300 దగ్గర తేలొచ్చు. అప్పుడు పబ్లిషరుతో మాట్లాడండి. ఆయన కాదంటే ఇంకొకరు. ఎప్పుడు ఆపాలన్నారు. రిజిస్టరులో రాసుకున్న పనులు అయిపోయిన రోజు ఆపండి. తృప్తి కోసం ఆగితే మనుమలొస్తారు.

అన్నింటికన్నా ముందు ఈ ఆదివారం అమ్మగారి దగ్గర కూర్చుని తుఫాను అధ్యాయం పైకి చదివి వినిపించండి. నోట్సు రాసుకోకండి, ఆవిడ ఎక్కడ అడ్డుతగులుతుందో వినండి చాలు. బ్యారన్ మంట దగ్గరికి వచ్చేసరికి ఆవిడే ఆపుతుందని నాకు నమ్మకం. ఆ ఏడు మళ్లీ నాట్లు ఎప్పుడు వేశారో, నారు ఎక్కడ దొరికిందో, కట్ట ఎంత పడిందో అడిగి నాకూ రాయండి. నా లెక్క ప్రకారం కార్తీకం వెళ్లే లోపే వేసి ఉండాలి.